ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వీడియోలో నేను చెప్పిన అబద్ధం | ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటే అసలేంటి?

ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్స్ లేవు, మ్యూజిక్ లేదు. కుర్చీలో కూర్చుని మాట్లాడతాను, అంతే. ఒక తప్పు దిద్దుకోవాలి.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ సిరీస్ లాస్ట్ పార్ట్‌లో "లోబుచే దాకా వెళ్ళాం, వెదర్ బాగోలేక వెనక్కి వచ్చేశాం" అని చెప్పాను కదా. వెదర్ బాగానే ఉంది. ఆ రాత్రి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మేం వెనక్కి వచ్చింది మా బావ ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి. అది అంతదాకా రావడానికి కారణం నేను వేసిన ప్లాన్.

ఇప్పుడెందుకు చెప్తున్నాను అంటే, పోయిన వారం ఒక సబ్‌స్క్రైబర్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, డిస్క్రిప్షన్‌లో మీరిచ్చిన పది రోజుల ఐటినరీ పీడీఎఫ్ ప్రింట్ తీసుకున్నాం. నలుగురం వెళ్తున్నాం. మిగతా వాళ్ళందరివీ పన్నెండు రోజులు, మీది పదే, మాకు లీవ్ సరిగ్గా సరిపోతోంది" అని. థ్యాంక్స్ కూడా చెప్పాడు. అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ పీడీఎఫ్ అప్పుడే తీసేశాను. కానీ ఆల్రెడీ డౌన్‌లోడ్ చేసుకున్న వాళ్ళ ఫోన్లలోంచి నేను తీయలేను కదా. అందుకే ఈ వీడియో.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ ఈసీఈ, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్, ఇప్పుడు ఇది. వచ్చాక కూర్చుని చదువుకున్నది, అక్కడ డాక్టర్లు చెప్పింది, నా కళ్ళతో చూసింది, ఈ మూడే చెప్తాను. మందుల సంగతి మీ డాక్టర్‌ని అడగాల్సిందే.

సరే, మొదటి నుంచి వద్దాం. "పైకి వెళ్తే ఆక్సిజన్ తక్కువ" అని అందరం అంటాం. నిజానికి గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా ఒకటే, దాదాపు 21 శాతం. హైదరాబాద్‌లోనూ అంతే, ఎవరెస్ట్ మీదా అంతే. మారేది గాలి ఒత్తిడి. మన నెత్తి మీద ఉన్న గాలి బరువే ఆ ఒత్తిడి. పైకి వెళ్ళేకొద్దీ మీద ఉన్న గాలి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గాలి పలచబడుతుంది. నామ్చే బజార్ 3,440 మీటర్లు. అక్కడ ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, అక్కడ సుమారు సగం. అంటే అక్కడ మీరు ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా, ఊపిరికి వచ్చే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగమే.

వంటింట్లోకి వస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. లోబుచేలో నీళ్ళు 84 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. బుడబుడమని మరుగుతూనే ఉంటాయి, పప్పు మాత్రం ఉడకదు. అందుకే అక్కడ లాడ్జిల్లో కుక్కర్ లేకుండా దాల్ భాత్ లేదు. కుక్కర్ చేసేది ఏంటి? లోపల ఒత్తిడి పెంచడమే. ఈ కుక్కర్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇప్పుడు మన బాడీ ఈ పలచటి గాలికి ఏం చేస్తుంది? మొదటి రోజే ఊపిరి వేగం పెంచుతుంది. వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ కొంచెం ఎక్కువ వస్తుంది, కానీ దాంతో పాటు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ బయటికి పోతుంది. అది పోతే రక్తం క్షారం వైపు జరుగుతుంది. అది చూసి మెదడు "అమ్మో, ఎక్కువ ఊపిరి తీస్తున్నాం, తగ్గించు" అంటుంది. ఒక పక్క ఆక్సిజన్ తక్కువైంది, తీసుకో అని ఆర్డర్, ఇంకో పక్క ఆపు అని ఆర్డర్. ఈ గొడవ రాత్రి నిద్రలో బయటపడుతుంది. గబగబా నాలుగైదు ఊపిర్లు, తర్వాత కొన్ని సెకన్లు అసలు ఊపిరే ఉండదు, మళ్ళీ ఉలిక్కిపడి గబగబా. పక్కన పడుకున్న వాళ్ళకి భయమేస్తుంది. నామ్చేలో బావ ఇలా ఊపిరి ఆపినప్పుడు నేను రెండుసార్లు లేపాను, "నిద్రపోనివ్వరా బాబూ" అని తిట్టాడు. దాన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. ఆ ఎత్తులో చాలామందికి వస్తుంది, దానికదే ప్రమాదం కాదు.

ఈ గొడవని తీర్చేది కిడ్నీలు. రక్తంలో ఎక్కువైన బైకార్బొనేట్‌ని మూత్రంలో బయటికి పంపి బ్యాలెన్స్ చేస్తాయి. అప్పుడే మెదడు "సరే, ఇంకా ఊపిరి తీసుకో" అని ఒప్పుకుంటుంది. సరిగ్గా అలవాటు పడుతున్న వాళ్ళు రాత్రుళ్ళు మూడు నాలుగు సార్లు లేచి వెళ్ళేది అందుకే. మైనస్ చలిలో స్లీపింగ్ బ్యాగ్ జిప్ తీసి లేవాలంటే ఏడుపొస్తుంది, కానీ అది మంచి సంకేతం. అసలు పాయింట్ ఏంటంటే, కిడ్నీలు ఈ పని చేయడానికి రోజులు తీసుకుంటాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో అప్‌డేట్ ఇన్‌స్టాల్ అవుతున్నట్టు. మీ ఫోన్ ఎంత కాస్ట్లీ అయినా ఆ ప్రోగ్రెస్ బార్ దాని స్పీడ్‌లోనే వెళ్తుంది. ఎర్ర రక్తకణాలు పెరగడం లాంటివైతే వారాల పని.

ఫిట్‌నెస్ గురించి మనకున్న అపోహ ఇక్కడే. మా బావ నాకంటే రెండేళ్ళు పెద్ద, మా మేనత్త కొడుకు. బెంగళూరులో ఉంటాడు, హాఫ్ మారథాన్లు పరిగెడతాడు. ట్రెక్‌కి ముందు ప్రాక్టీస్ అని ఇద్దరం అలిపిరి మెట్లు ఎక్కాం. సుమారు 3,550 మెట్లు. నేను గాలిగోపురం దగ్గరే కూలబడితే ఆయన పైకి వెళ్ళి టీ తాగి నాకోసం వెయిట్ చేశాడు. మోకాళ్ళకీ, గుండెకీ అది మంచి ప్రాక్టీసే. కానీ తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా ఉండదు. మీ కిడ్నీకి మీ మారథాన్ టైమింగ్ తెలీదు. పైగా ఫిట్‌గా ఉన్నవాడు వేగంగా నడుస్తాడు, వేగంగా ఎత్తుకి చేరతాడు, ఎక్కువ రిస్క్‌లో పడతాడు. ఇది కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది, నిజమే.

ఇప్పుడు నా ప్లాన్. కొత్తగా వింటున్న వాళ్ళ కోసం రూట్ చెప్తాను. లుక్లా ఎయిర్‌పోర్ట్ 2,860 మీటర్లు. అక్కడ దిగి మొదటి రోజు కిందికే, ఫాక్డింగ్, 2,610. తర్వాత దూద్ కోసీ నది పక్కనే నడిచి, ఆ పొడవాటి వేలాడే వంతెన దాటి, నిట్టనిలువు ఎక్కితే నామ్చే, 3,440. తర్వాత తెంగ్బోచే, 3,860. డింగ్బోచే, 4,410. లోబుచే, 4,940. ఆ తర్వాత గోరక్‌షెప్, 5,164, అక్కడి నుంచి బేస్ క్యాంప్ వెళ్ళి రావడం.

కొండల డాక్టర్లు అందరూ చెప్పే రూల్ ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, ఇవాళ పడుకునే చోటు నిన్న పడుకున్న చోటు కంటే 500 మీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకి ఒకసారి అదే చోట ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత పైకి వెళ్ళినా పర్లేదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే లెక్క. అందుకే మామూలు ప్లాన్లలో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్బోచేలో రెండు రాత్రులు ఉంటాయి.

నేను ఏం చేశానంటే, ఎక్సెల్‌లో కూర్చుని డింగ్బోచే రెండో రాత్రి కొట్టేశాను. ఖాళీగా కూర్చునే రోజుకి డబ్బులు దండగ అనుకున్నాను. ఇక్కడ "రెస్ట్ డే" అనే పేరు వల్ల కూడా మోసపోతాం, ఏదో బద్ధకంగా పడుకునే రోజు అన్నట్టు ఉంటుంది. ఆ రోజు పనంతా కిడ్నీ చేస్తుంది, మనకి కనపడదు. ఐటీలో ఉన్నప్పుడు మేనేజర్ "టెస్టింగ్‌కి ఒక వారం ఎందుకు, రెండు రోజులు చాలు" అంటే తిట్టుకునేవాడిని. ఇక్కడ ఆ మేనేజర్ నేనే.

రెండో దెబ్బ ఫ్లైట్. సీజన్‌లో లుక్లా ఫ్లైట్లు చాలా వరకు కాఠ్మాండూ నుంచి కాదు, రామేఛాప్ జిల్లా మంథలి నుంచి వెళ్తాయి. లుక్లా రన్‌వే 527 మీటర్లే, అది కూడా ఏటవాలుగా కొండకి ఆనుకుని ఉంటుంది. మబ్బు పడితే ఎవరూ దిగరు. మాకు ఒక రోజు మొత్తం మంథలిలోనే పోయింది. నా ప్లాన్‌లో ఎక్స్‌ట్రా రోజు అనేదే లేదు. బావకి లీవ్ పొడిగించే ఛాన్స్ లేదు. దాంతో నామ్చే రెండో రాత్రి కూడా కొట్టేశాం.

మా గైడ్‌ని మేం దాయి అనేవాళ్ళం, నేపాలీలో అన్నయ్య అని. దాయి నామ్చేలో స్పష్టంగా వద్దన్నాడు. "ఒక్క రోజు ఆగండి, లేదంటే తెంగ్బోచే చూసి వెనక్కి వెళ్దాం" అన్నాడు. నేను "దాయి, మేం ఫిట్‌గా ఉన్నాం" అన్నాను. ఇంకొంచెం నొక్కి చెప్పి ఉంటే వినేవాడినా? వినేవాడిని కాదు. కస్టమర్‌ని కదా, నా మాటే చెల్లింది.

లెక్క చూడండి. 2,610 నుంచి 4,940కి నాలుగు రోజుల్లో. ఐదో క్లాస్ పిల్లాడైనా తీసివేత చేసి తప్పని చెప్తాడు. నేను ఆ ఎక్సెల్‌లో హోటల్ రేట్లకి ఫార్ములా పెట్టాను, ఎత్తుకి పెట్టలేదు.

డింగ్బోచేలో బావకి తలనొప్పి మొదలైంది. "నీళ్ళు తక్కువ తాగావు బావా" అన్నాను. ఆయన "ఔను, నిద్ర కూడా సరిగ్గా లేదు" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక కారణం కల్పించుకున్నాం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఎత్తులో తలనొప్పి వస్తే, వేరే కారణం ఖచ్చితంగా తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోవాలి. తలనొప్పికి తోడు వాంతి వచ్చినట్టు ఉండటం, తిండి సహించకపోవడం, నీరసం, తల తిరగడం, వీటిలో ఏదైనా కలిస్తే దాన్ని అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. ఎత్తు పెరిగాక ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. ఇది వస్తే చచ్చిపోరు. అక్కడే ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో మామూలుగా తగ్గిపోతుంది. తలనొప్పితో పైకి వెళ్ళి పడుకోవడం మాత్రం చేయకూడదు. మేం పొద్దున్నే అదే చేశాం.

నాకూ తలనొప్పి ఉంది. చెప్పలేదు. నేను చెప్తే ఆయన ఆగిపోదాం అంటాడని. ఆయన చెప్తే నేను ఫీలవుతానని ఆయన తగ్గించి చెప్పాడు. ఇద్దరు మగాళ్ళు కలిసి ట్రెక్‌కి వెళ్తే ఇంతే.

లోబుచేకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. దారిలో డుగ్లా పైన ఎవరెస్ట్‌లో చనిపోయిన వాళ్ళ స్మారకాలు ఉంటాయి, రాళ్ళు పేర్చి కట్టినవి, ప్రార్థనా జెండాలతో. నేను అక్కడ షాట్స్ తీస్తుంటే బావ ఒక రాయి మీద కూర్చుని కిందికి చూస్తున్నాడు. ఆ ఫుటేజ్ ఇప్పుడు చూస్తే అర్థమవుతుంది, ఆయన దేన్నీ చూడటం లేదు. అప్పుడు నేను ఫ్రేమ్ బాగుందా అని చూస్తున్నాను.

సాయంత్రం లాడ్జ్ డైనింగ్ హాల్లో మధ్యలో పొయ్యి ఉంటుంది, జడల బర్రె పేడతో మండిస్తారు. అందరూ దాని చుట్టూ కూర్చున్నారు. బావ సూప్ తాగి వాంతి చేసుకున్నాడు. తర్వాత జాకెట్ జిప్ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు, కుదరడం లేదు. నేను "ఏంటి బావా, తాగావా?" అని జోక్ చేశాను. నవ్వలేదు. ఏమడిగినా "ఆ" అంటున్నాడు, అంతే.

దాయి వచ్చి బావని లేపి, చెక్క నేల మీద ఒక పలక గీత చూపించి, దాని మీద ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనించి నడవమన్నాడు. రెండో అడుగుకే పక్కకి తూలి బెంచీ పట్టుకున్నాడు. మళ్ళీ చేయించాడు. మళ్ళీ అంతే. దాయి నా వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు: "ఇప్పుడే దిగాలి. పొద్దున దాకా కాదు."

అప్పుడు టైమ్ రాత్రి ఏడున్నర.

ఆ టెస్ట్ ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. మౌంటెన్ సిక్‌నెస్ ముదిరితే మెదడు వాస్తుంది. దాన్ని హేస్ అంటారు. వాపు వచ్చినప్పుడు ముందుగా దెబ్బతినేది బ్యాలెన్స్. తాగినవాడిలా తూలుతాడు, అయోమయంగా మాట్లాడతాడు, మబ్బుగా పడుకుండిపోతాడు. పట్టించుకోకపోతే ఒక రోజు లోపే కోమా, మరణం. రెండోది హేప్, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. దానికి గుర్తు, కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. దానికి ముందు తలనొప్పి రావాలని కూడా లేదు. రెండింటికీ అసలు మందు ఒకటే, కిందికి దిగడం. చాలాసార్లు 500, 1,000 మీటర్లు దిగితే చాలు. "పడుకుంటే తగ్గుతుంది" అని వదిలేస్తే, పడుకున్నవాడు పొద్దున్న లేవకపోవచ్చు. నేను ఆ రాత్రి అచ్చంగా అదే అన్నాను: "పడుకోనిద్దాం దాయి, పొద్దున హెలికాప్టర్ పిలుద్దాం." చీకట్లో హెలికాప్టర్లు రావు.

బావకి హెడ్ టార్చ్ కట్టాం. బ్యాగులు లోబుచేలోనే వదిలేశాం. దాయి ఒక పక్క, మా పోర్టర్ ఒక పక్క పట్టుకున్నారు, నేను వెనక. మా పోర్టర్‌కి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. డుగ్లా దిగుడులో మొత్తం రాళ్ళు. బావ ప్రతి పది అడుగులకీ కూర్చుంటానంటున్నాడు. ఒక చోట కూర్చుని "నువ్వెళ్ళరా, నేను వస్తా" అన్నాడు. చాలా మామూలుగా, బస్టాండ్‌లో అన్నట్టు. అత్తకి నేను ఏం చెప్పాలి అనే ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఏం లేదు ఆ టైమ్‌లో.

పగలైతే మూడు గంటలు కూడా పట్టని దారి, మాకు ఐదు గంటలు పట్టింది. ఫెరిచే 4,371 మీటర్లు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది. 1973లో మొదలైన సంస్థ, సీజన్‌లో వాలంటీర్ డాక్టర్లు ఉంటారు, ఆల్టిట్యూడ్ మీద ట్రెక్కర్లకి క్లాస్ కూడా చెప్తారు. డింగ్బోచేలో ఆగి ఉంటే ఆ క్లాస్ వినేవాళ్ళం. దాయి తలుపు కొట్టాడు. ఆక్సిజన్ పెట్టారు, డెక్సామెథసోన్ ఇచ్చారు. అది మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్.

డాక్టర్ దగ్గర ఒక పెద్ద సంచి చూశాను, మనిషి పట్టేంత. గామో బ్యాగ్ అంటారు. కిందికి దింపే వీలు లేనప్పుడు పేషెంట్‌ని అందులో పడుకోబెట్టి జిప్ వేసి కాలితో పంప్ కొడతారు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, మనిషి ఉన్నచోటే ఉండి వెయ్యి, రెండు వేల మీటర్లు కిందికి దిగినట్టు అవుతుంది. కుక్కర్ గుర్తుందా? అదే. మాకు దాని అవసరం పడలేదు, 570 మీటర్లు కాళ్ళతో దిగి వచ్చాం కాబట్టి.

పొద్దున ఎనిమిదికి బావ కళ్ళు తెరిచి "రేయ్, బేస్ క్యాంప్‌కి టైమ్ అయిందా?" అన్నాడు. తర్వాత టీ అడిగాడు. తర్వాత, ఇది నిజం, ఆవకాయ ఉందా అని అడిగాడు. నేను బయటికెళ్ళి ఏడ్చాను.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, వీడియోలో ఎప్పుడూ చెప్పనిది. మా పోర్టర్ ఆ పొద్దున్నే మళ్ళీ లోబుచే ఎక్కి మా బ్యాగులు తెచ్చాడు. వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. డాక్టర్ అతన్ని చూసి తనే అడిగారు, తలనొప్పి ఉందా అని. రెండు రోజుల నుంచి ఉందంట. మాకెవరికీ చెప్పలేదు. చెప్తే మధ్యలో పంపేస్తారు, కూలి పోతుంది అని. నేను ఆ వారం మొత్తంలో అతన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

మనం అనుకుంటాం, వాళ్ళు నేపాలీలు, వాళ్ళకేం కాదు అని. షేర్పాలు, టిబెటన్లు వేల ఏళ్ళుగా ఆ ఎత్తులో ఉన్నవాళ్ళు, వాళ్ళలో చాలామందికి ఈపీఏఎస్1 అనే జీన్‌లో తేడా ఉంటుంది, అది వాళ్ళని కాపాడుతుంది. కానీ పోర్టర్లలో చాలామంది షేర్పాలు కాదు. రాయ్, తమాంగ్, మగర్, కింద పొలాలున్న ఊళ్ళ నుంచి సీజన్ పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఊరు మన అరకు కంటే కొంచెం ఎత్తు ఉంటుందేమో. వాళ్ళ కిడ్నీ కూడా మన కిడ్నీ లాంటిదే, పైగా వీపు మీద ముప్పై కిలోలు. పక్కనున్న గోక్యో లోయలో మాచ్ఛెర్మో దగ్గర పోర్టర్ల కోసమే ఒక రెస్క్యూ పోస్ట్ కట్టారంటే, ఎంతమంది ఇబ్బంది పడి ఉంటారో ఊహించండి. మీరు వెళ్తే, సాయంత్రం టీ తాగేటప్పుడు మీ ఫ్రెండ్‌ని అడిగే ప్రశ్నే పోర్టర్‌నీ అడగండి. తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా. దిగిపోవాల్సి వచ్చినా కూలి మొత్తం ఇస్తాం అని మొదటి రోజే చెప్పండి. అప్పుడే నిజం చెప్తారు.

ఇక కామెంట్స్‌లో ఎప్పుడూ వచ్చేవి గబగబా చెప్పేస్తాను.

డయామాక్స్. అసలు పేరు అసెటజోలమైడ్. ఇందాక చెప్పిన కిడ్నీ పనిని ఇది వేగం చేస్తుంది. మామూలుగా నివారణకి 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కూల్ డ్రింక్ తాగితే గ్యాస్ లేనట్టు చప్పగా ఉంటుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. ఇది నొప్పిని దాచే మాత్ర కాదు, కాబట్టి రోగాన్ని కప్పిపెడుతుందనే భయం అక్కర్లేదు. కానీ నా లాంటి ప్లాన్‌ని ఏ మాత్రా కాపాడదు. మా బ్యాగులో కూడా ఉంది ఆ షీట్. "ఎమర్జెన్సీకి" అని దాచాను.

ఆక్సీమీటర్. కోవిడ్ అప్పుడు 94 కంటే తగ్గితే హాస్పిటల్‌కి పరిగెత్తాం కదా. డింగ్బోచేలో బాగా ఉన్నవాళ్ళకి కూడా 85 దగ్గర చూపిస్తుంది, లోబుచేలో 80 చుట్టూ. చలికి వేళ్ళు గడ్డకడితే ఇంకా తప్పుగా చూపిస్తుంది. ఆ రోజు సాయంత్రం బావది 79, నాది 78. నాది తక్కువ! ఆ నంబర్ చూసే నేను ధీమాగా ఉన్నాను. నంబర్ కాదు, మనిషిని చూడాలి.

కర్పూరం వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది, ఆక్సిజన్ రాదు. వెల్లుల్లి సూప్ వేడిగా ఉంటుంది, తాగండి, కానీ అది మందు కాదు. చిన్న ఆక్సిజన్ క్యాన్లు కొన్ని నిమిషాల్లో అయిపోతాయి. మందు కొట్టడం, నిద్రమాత్రలు వేసుకోవడం రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి, పైన వద్దు. నీళ్ళు మామూలుగా తాగండి, ఐదు లీటర్లు బలవంతంగా తాగితే ఎత్తు తగ్గదు.

ట్రెక్కింగ్ చేయని వాళ్ళకి కూడా ఒక మాట. మన అమ్మానాన్నలు ముక్తినాథ్ వెళ్తున్నారు, అది 3,700 మీటర్ల పైనే. కేదార్‌నాథ్ 3,583, హెలికాప్టర్లో కొన్ని నిమిషాల్లో దింపేస్తారు. ఫ్లైట్ దిగగానే లేహ్ 3,500. దర్శనం చేసుకుని అదే రోజు కిందికి వచ్చేస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. అక్కడే రాత్రి ఉండాలంటే మాత్రం పైన చెప్పిన లెక్కలన్నీ వాళ్ళకీ వర్తిస్తాయి. లేహ్‌లో దిగిన మొదటి రెండు రోజులు ఎక్కడికీ వెళ్ళకుండా ఉండటం టైమ్ వేస్ట్ కాదు. మర్నాడే ఖార్దుంగ్ లా బుక్ చేసే ప్యాకేజీలు చూస్తే నాకిప్పుడు కడుపులో తిప్పుతుంది.

మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, టిబెట్ వైపు నుంచి. ఆ ఫొటో అందరం చూశాం. ఆ ఫొటో వెనక నెలల ట్రైనింగ్, కొండ దగ్గరే వారాల తరబడి పైకెళ్ళి కిందికి దిగి పడుకోవడం ఉన్నాయి. ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళలో చాలామంది అదే చేస్తారు. దాని కాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి మేం రెండు రాత్రులు కూడా ఇవ్వలేకపోయాం.

కొత్త ప్లాన్ చెప్తాను, రాసుకోండి. ఫాక్డింగ్ ఒక రాత్రి. నామ్చే రెండు, మధ్య రోజు ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా, 3,880, ఎక్కి దిగిపోవడం. తెంగ్బోచే ఒకటి. డింగ్బోచే రెండు, మధ్య రోజు వెనక ఉన్న నాంగ్కర్‌త్శాంగ్ కొండ మీదకి వీలైనంత ఎక్కి దిగడం. లోబుచే ఒకటి, గోరక్‌షెప్ ఒకటి, తర్వాత దిగుడు. తెంగ్బోచే నుంచి డింగ్బోచే 550, అక్కడి నుంచి లోబుచే 530, రూల్ కంటే కొంచెం ఎక్కువే, కాబట్టి మీకు సెలవుంటే డుగ్లాలో కూడా ఒక రాత్రి పెట్టండి. వీటన్నిటి మీద ఇంకో రెండు రోజులు ఖాళీగా ఉంచండి, ఒకటి ఫ్లైట్‌కి, ఇంకోటి తలనొప్పికి. మొత్తం పద్నాలుగు. అంత లీవ్ లేకపోతే తెంగ్బోచే దాకా వెళ్ళి రండి. అక్కడి నుంచి ఆమా దబ్లమ్, ఎవరెస్ట్ కొన రెండూ కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు కూడా! ఇన్సూరెన్స్ 6,000 మీటర్ల వరకు హెలికాప్టర్ కవర్ చేసేది తీసుకోండి.

మెసేజ్ పెట్టిన ఆ తమ్ముడికి ఫోన్ చేశాను. నలుగురిలో ఇద్దరికి లీవ్ దొరకలేదంట, ట్రిప్ మార్చికి మార్చుకున్నారు.

ఈ వీడియో షూట్ చేసే ముందు స్క్రిప్ట్ బావకి పంపించాను. ఆయనకి ఆ రాత్రి దిగిన దారి ఏమీ గుర్తులేదు. ఒక్కటే గుర్తుంది అన్నాడు, చీకట్లో ఎవరో కింద కూర్చుని తన షూ లేస్ కడుతున్నారని. నేనేనా అని అడిగాడు. నేను కాదు, మా పోర్టర్. గ్లవ్స్ తీసేసి మరీ కట్టాడు. ఆ మాట కూడా వీడియోలో పెట్టమన్నాడు బావ. పెట్టాను.

కొత్త పీడీఎఫ్ డిస్క్రిప్షన్‌లో ఉంది. పాతది ఎవరి దగ్గరైనా ఉంటే డిలీట్ చేయండి, ప్లీజ్.